పాటకు ముందు ఫ్యూజు

"పాత బండికి కొత్త సెట్టెందుకు?" అని చదువుకున్నవాళ్ళు నవ్వుతుంటారు. ఆ నవ్వుతో మేము ఏకీభవించము. ఏలూరు నుంచి కొల్లేటి లంకలకు పెళ్ళివారిని తిప్పే డ్రైవరుకు పాట విలాసం కాదు. పాట లేని బండిని ఎవరూ బేరమే ఆడరు. మా అన్నయ్యది ఓమ్నీ వ్యాను. కంపెనీ ఆ మోడల్ తయారీని 2019లోనే ఆపేసింది. కిస్తీలు తీరాక దానికి టచ్ స్క్రీను, వెనక కెమెరా, నాలుగు స్పీకర్లు, ఆంప్లిఫైయరు పెట్టించాడు. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది, మొదటి టచ్ స్క్రీను అన్నయ్యది. రెండింటికీ అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

మా అభ్యంతరం పాట మీద కాదు, వరుస మీద.

వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు అని ఈ హాస్టల్ వరండాలోనే బట్టీ పట్టాం. బండి బ్యాటరీ 12 వోల్టులు. 120 వాట్లు లాగే ఆంప్లిఫైయరు 10 ఆంపియర్లు తింటుంది. రెండు హెడ్‌లైట్లు ఇంకో 9. ఇంజను ఆపి పందిరి దగ్గర పాటలు పెడితే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కాగితం మీద మూడున్నర గంటలు వస్తుంది. సెల్ఫ్ కొట్టే బలం మాత్రం అంతకు చాలా ముందే పోతుంది. పైగా కొల్లేటి తడిగాలికి పాత జాయింట్లకు చిలుము పడుతుంది. చిలుము పట్టినచోట వైరు వేడెక్కుతుంది.

ఆ రాత్రి కైకలూరు వైపు నుంచి పెళ్ళి చూసుకుని వస్తున్నాం. పాటలో డప్పు మోగినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. వెనక సీట్లో పిల్లలు అదో డిస్కో లైటనుకుని చప్పట్లు కొట్టారు. మేమూ నవ్వాం. కాసేపటికి ముందు సీటు కింద నుంచి పొగ! రెండు పక్కలా చేపల చెరువులు, బండిలో ఏడుగురం. అన్నయ్య బ్యాటరీ వైరు ఊడబీకాడు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాం. ఆరు రోజుల కిరాయి పోయింది.

తాడేపల్లిగూడెంలో మా మామయ్యకు తెలిసిన ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో పట్టేశాడు. బ్యాటరీ నుంచి ఆంప్లిఫైయరుకు పోయే వైరుకు ఫ్యూజే లేదు. సీటు రేకుకి ఒరుసుకుని తొక్క ఊడి, వైరు బాడీకి తగిలింది. "స్పీకరైతే కనపడుద్ది బాబూ. ఫ్యూజు ఏసారా లేదా అని ఎవరడుగుతారు?" అన్నాడాయన. ఆయన చేతిలో ఉన్న పరికరమల్లా రెండు వైర్లు కట్టిన ఒక బల్బు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే మేము ఆ బండిలో నెలల తరబడి తిరిగాం, ఒక్కసారి సీటు కింద చూడలేదు.

కాబట్టి తమ్ముళ్ళారా, ఇంట్లో ఎవరైనా పాత బండికి సెట్టు పెట్టిస్తుంటే పక్కన నిలబడండి. ముందు పాత జాయింట్లు, ఎర్తులు శుభ్రం చేయించండి. హెడ్‌లైట్లకు రిలే లేకపోతే పెట్టించండి. బ్యాటరీకి అడుగున్నర లోపు ఫ్యూజు పడాలి. స్పీకర్లు ఆ తర్వాత. డబ్బు చాలకపోతే నాలుగింటికి బదులు రెండే.

పదో తరగతితో ఆగిపోయిన మన హాస్టల్ మిత్రులు కొందరు ఇలాంటి దుకాణాల్లోనే స్క్రూడ్రైవరు పట్టారు. సెలవుల్లో వాళ్ళ దగ్గర కూర్చుందాం. ఓమ్ నియమం మనం చెబుదాం, బల్బుతో తప్పు పట్టడం వాళ్ళు నేర్పుతారు. వచ్చే వార్షికోత్సవానికి డీజే బాక్సుల ఖర్చులో కొంత మిగిల్చి, ఆ గూడెం మేస్త్రీని ఒక పూట పిలిపిద్దామని మా ప్రతిపాదన. పాత విద్యార్థులు ఎలాగూ బండ్లేసుకుని వస్తారు. వరుసలో మొదట మా అన్నయ్య వ్యాను నిలబెడతాం.