బొమ్మ గుర్రానికి తల్లెవరు, తండ్రెవరు?

రంభలో మన యాత్రకి మేకుల బల్ల మీద గోళీ వదిలే ఆట పెట్టిద్దామని, గళ్ళలో గుర్రాల బొమ్మలు వేయించి గెలిచినవాళ్ళకి డబ్బిద్దామని కొందరు పెద్దలు అంటున్నారు. గుర్రప్పందెం నైపుణ్యమని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది కదా అని వాదన. మేం ఒప్పుకోం.

కోర్టు చెప్పింది ప్రాణమున్న గుర్రాల గురించి. వాటి పుట్టుక, శిక్షణ, జాకీ సత్తా చూసి అంచనా కట్టొచ్చు. బొమ్మ గుర్రంలో ఏం చూసి కడతారు?

ఈ ఎత్తు పాతదే. 1948లో అమెరికాలో సైటేషన్ అనే గుర్రం మూడు పెద్ద పందేలూ గెలిచింది. ఆ ఏడే బాలీ కంపెనీ అదే పేరుతో పిన్‌బాల్ యంత్రం దించింది. ఆటకి ఒక్కటే బంతి. అంతకు ముందు ఏడే గాట్‌లీబ్ కంపెనీ బంతిని తిరిగి కొట్టే ఫ్లిప్పర్లు తెచ్చింది. పందెం యంత్రానికి మాత్రం అవి లేవు. బంతి వదిలాక బల్లని కుదపడమే దిక్కు. (చూడ్డానికి ఆ యంత్రాలు అందంగానే ఉంటాయి, కాదనం.)

మన యాత్రలో ఆడేది చిలికలో వల వేసేవాళ్ళ పిల్లలు. వాళ్ళ చేతిలో ఉండేది పది రూపాయలు. డబ్బు బహుమతి తీసేసి, బల్లకి రెండు మీటలు బిగించండి. మొదటి ఆట రుసుం మేమే కడతాం.