నవ్వని ముఖం

భరతముని హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా చెప్పాడు. తాను నవ్వడం మొదటిది, ఎదుటివారిని నవ్వించడం రెండవది. పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ రెండవదానికి తగిన ఉదాహరణ దొరకక తడుముకున్నాను. ఉద్యోగ విరమణ తరువాత, మనవడి కంప్యూటరులో బస్టర్ కీటన్ మూకీ చిత్రాలు చూసినప్పుడు గాని ఆ కొరత తీరలేదు.

1895లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పుట్టిన కీటన్, ఊహ తెలిసేనాటికే తల్లిదండ్రులతో రంగస్థలం మీద ఉన్నాడు. తండ్రి కొడుకును ఎత్తి విసరడమే ఆ ప్రదర్శనలో వినోదం! పడి లేచి తాను నవ్వితే జనం అంతగా నవ్వరని ఆ పసివాడు అప్పుడే గ్రహించాడట. 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' (1928)లో ఇంటి ముందుగోడ మొత్తం అతనిమీదికి కూలుతుంది. తెరిచి ఉన్న కిటికీ సరిగ్గా అతడు నిలుచున్న చోటికి రావడంతో బతికిపోతాడు. గోడ బరువు నిజమైనదే. చుట్టూ మిగిలిన జాగా కొద్ది అంగుళాలు. ఆ ముఖంలో మాత్రం చలనం లేదు.

టాకీలు వచ్చి కీటన్‌ను ముంచాయని చాలామంది అంటారు. నాకది సమ్మతం కాదు. అతని కంఠానికి లోటు లేదు, తొలి టాకీలకు డబ్బు కూడా వచ్చింది. చెరిచింది 1928లో ఎం.జి.ఎం. సంస్థతో కుదిరిన ఒప్పందం. అప్పటిదాకా కథకు మొదలూ తుదీ తెలిస్తే చాలు, నడిమిభాగం చిత్రీకరణలోనే పుట్టేది. అక్కడ ప్రతిదీ ముందు కాగితానికెక్కాలి, పైవారు ఆమోదించాలి. (తనిఖీ అధికారి కోసం ప్రణాళిక వ్రాసుకుని చెప్పిన నా పాఠాలలో పిల్లలు ఒక్కసారైనా నవ్విన గుర్తు లేదు.) ఆ సంతకమే తన జీవితంలో అతి పెద్ద తప్పని కీటన్ తానే చెప్పుకున్నాడు. తాగుడు స్వయంకృతమే, కాదనను. 1933లో సంస్థ అతన్ని తొలగించింది. కొన్నేళ్లకు అక్కడే తక్కువ జీతానికి, ఇతరుల చిత్రాలకు హాస్యం సమకూర్చే కొలువులో చేరాడు. 1960లో గౌరవ ఆస్కారు అందింది; 1966లో కన్నుమూశాడు.

'ది జనరల్' (1926) చూడనివారు తప్పక చూడండి. ప్రేయసి కాదన్నదని రైలింజను చక్రాల కడ్డీ మీద దిగులుగా కూర్చుంటాడు. ఇంజను కదులుతుంది. కడ్డీతోపాటు పైకీ క్రిందికీ ఊగుతూ పోతాడు. షెడ్డులోకి వెళ్లబోయేదాకా అతనికి ఆ సంగతే తెలియదు. శృంగారం నుండి హాస్యం పుడుతుందని భరతముని వాక్యం. ఇక్కడ పుట్టింది హాస్యమా, కరుణమా? మనవడు పగలబడి నవ్వాడు, నేను నవ్వలేకపోయాను. మీకేమనిపించిందో వ్రాయండి.