పసుపుకు బోర్డు వచ్చింది, పసుపు కూలీ దగ్గుకు బీమా ఏది?

సంక్రాంతి దాటిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో పసుపు పనులు జోరందుకుంటాయి. తవ్వడం, కొమ్ము వేరు గోళ వేరు చేయడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, డ్రమ్ముల్లో వేసి పాలిష్ పట్టడం, బస్తాలకెత్తి మార్కెట్‌కు తోలడం. ఈ పనుల్లో మాల, మాదిగ వాడల చేతులు లేని దశ ఒక్కటీ లేదు. పాలిష్ దగ్గర లేచే దుమ్ముకు అడ్డం ముఖానికి చుట్టుకున్న తువ్వాలే. మార్కెట్‌లో చాటలతో చెరిగే ఆడవాళ్లకు కొంగే అడ్డం. దగ్గు పట్టుకున్నా పని మానరు. సీజన్ పోతే కూలి పోతుంది కాబట్టి.

ఆ దగ్గుకు డబ్బు ఎవరు పెడతారు? మనం అడగాల్సిన ప్రశ్న ఇదే. సర్కారు దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి ఆరోగ్యశ్రీ, రెండోది ఫోన్‌లో డాక్టర్. రెండూ అవసరమైనవే. కానీ పసుపు కూలీ జబ్బు ఆ రెండింటి మధ్యనున్న ఖాళీలో పడిపోతున్నది.

ముందు ఆరోగ్యశ్రీ సంగతి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం ఎన్నో పేద ప్రాణాలను నిలబెట్టింది. ఆ మాట కాదనలేం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల దాకా వర్తిస్తుంది. 2024లో మరో 163 చికిత్సలు చేర్చి మొత్తం 1,835కు పెంచారు. అయితే ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవాళ్ల కోసం పెట్టిన పథకం. గుండెకు ఆపరేషన్ చేయించుకోవచ్చు. నెలల తరబడి సాగే దగ్గుకు, నడుం నొప్పికి, బీపీకి, షుగర్‌కు రోజూ మింగే గోలీలకు కార్డు చూపిస్తే పని జరగదు. పైగా ఆ కార్డు విలువ బిల్లుల చెల్లింపు మీద ఆధారపడి ఉంది. బకాయిలు ఇవ్వలేదంటూ 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసినప్పుడు పది లక్షల కార్డు జేబులో ఉండి కూడా పేదవాళ్లు గేటు బయట నిలబడాల్సి వచ్చింది.

ఇక ఫోన్ డాక్టర్. తెలుగు నేలకు ఇది కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ల టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000లో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేత ప్రారంభింపజేశారు. 2019లో కేంద్రం ఈ-సంజీవని తెచ్చింది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, ఆన్‌లైన్ వైద్యానికి దేశమంతటికీ మార్గదర్శకాలు వచ్చాయి. పల్లె దవాఖానలో కూర్చున్న సిబ్బంది స్క్రీన్ మీద డాక్టర్‌ను కలుపుతారు. నిజామాబాద్ దాకా బస్సు ఖర్చు, ఒక రోజు కూలి మిగులుతాయి. పేదలకు ఇది చిన్న లాభం కాదు.

కానీ ఊపిరితిత్తుల్లో చప్పుడు ఫోన్‌లో వినపడదు. డాక్టర్ ఎక్స్‌రే తీయించమంటాడు, కళ్లె పరీక్ష చేయించమంటాడు. వాటికి మళ్లీ దవాఖానకే పోవాలి. సర్కారు దవాఖానలో పరీక్షలు, మందులు ఉచితమే. కానీ అక్కడ ఓపీ నడిచే గంటలూ, చేలో కూలి నడిచే గంటలూ ఒక్కటే. అందుకే మన వాడలు పొద్దుగూకాక ఆర్‌ఎంపీ దగ్గరికే పోతాయి. ఆయన చదువు చూసి కాదు. రాత్రి పిలిస్తే వస్తాడు, డబ్బు తర్వాత ఇస్తామంటే ఖాతా రాసుకుంటాడు. యాప్ ఖాతా రాసుకోదు.

ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు మూడో వంతే. కొడుకు ఫోన్‌లో, పది మంది ఉన్న గదిలో, గర్భసంచి బాధ గురించి ఏ తల్లి నోరు విప్పుతుంది? ఆరోగ్య కార్యకర్త ఫోన్ కలిపినప్పుడు రోగి నుంచి స్పష్టమైన సమ్మతి తీసుకోవాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. గ్రామాభివృద్ధి కమిటీల బహిష్కరణలు చూసిన ప్రాంతం ఇది. ఎవరి జబ్బు ఎవరికి తెలుస్తున్నదన్నది మనకు చిన్న విషయం కాదు.

ప్రైవేటు బీమా కొనుక్కోమనే సలహా కూడా వినిపిస్తోంది. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి పూర్తిగా ఎత్తేశారు. ఆన్‌లైన్ సంప్రదింపులను క్లెయిముల్లో అనుమతించాలని బీమా నియంత్రణ సంస్థ 2020లోనే చెప్పింది. అయితే అది పాలసీలో డాక్టర్ ఫీజు ఉన్నవాళ్లకే. మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే పలుకుతాయి. పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. ‘రెండేళ్లుగా ఆయాసం’ అని ఆన్‌లైన్ చీటీలో పడ్డ ఒక్క వాక్యం తర్వాత క్లెయిమ్‌కు అడ్డం తిరగవచ్చు. అందుకే ప్రతి చీటీనీ దాచుకోవాలి, అందులో ఏం రాశారో చదివించుకోవాలి.

బీమా అంటే ఇంతేనా? బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నారు. ఆ కాలంలోనే అదార్కర్ నివేదిక వచ్చింది, దాని పునాది మీద 1948లో ఈఎస్‌ఐ చట్టం నిలబడింది. అందులో ఓపీ ఉంది, మందులు ఉన్నాయి. జబ్బుపడి పనికి రాలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం ఉంది. జబ్బు దేహాన్నే కాదు, కూలినీ తింటుందని గుర్తించిన చట్టమది. పసుపు చేలో కూలీ ఆ చట్టం గడప బయటే ఉండిపోయింది.

మన జిల్లాకే తెలిసిన ఇంకో దారి ఉంది. 1976 చట్టాలతో బీడీల మీద సెస్సు వేసి, ఆ నిధితో బీడీ కార్మికులకు దవాఖానలు నడిపారు. సరుకు మీద వచ్చిన డబ్బులో కొంత సరుకు చేసినవాళ్ల ఆరోగ్యానికి పోయేది. 2017లో జీఎస్టీతో ఆ సెస్సు రద్దయింది. పద్ధతి పోయినా దాని వెనకున్న న్యాయం పోలేదు.

2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి వందకు పైగా నామినేషన్లు వేసి దేశాన్ని తమవైపు తిప్పుకున్నారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు మొదలైంది. అది రైతుల పోరాట ఫలితం, మనం స్వాగతిస్తాం. 2030 నాటికి వంద కోట్ల డాలర్ల ఎగుమతులు లక్ష్యమన్నారు. బోర్డు ప్రకటనలో రైతులకు, ఎగుమతిదారులకు చోటుంది. కూలీ అన్న మాట లేదు.

కాబట్టి మన డిమాండ్లు సూటిగా ఉండాలి. పసుపు బోర్డులో హమాలీలకు, చాట కూలీలకు, వ్యవసాయ కూలీలకు ప్రాతినిధ్యం కావాలి. పసుపు వ్యాపారం నుంచి వాటా తీసి వాళ్ల కోసం సంక్షేమ నిధి పెట్టాలి, జబ్బు రోజులకు కూలి అందులోంచి ఇవ్వాలి. ఆరోగ్యశ్రీలోకి ఓపీ, పరీక్షలు, మందులు రావాలి. సీజన్ నెలల్లో పల్లె దవాఖానలు సాయంత్రం కూడా తెరిచి, ఆన్‌లైన్ డాక్టర్‌ను ఆ వేళకే కలపాలి, మాట బయటికి పోని గది ఉండాలి. దవాఖాన గడప దగ్గర కులం అడ్డమొస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం, దాని 2015 సవరణ ఉన్నాయని వాడవాడకూ చెప్పాలి.

విద్యార్థి మిత్రులు ఈ సీజన్‌లో చేయగలిగిన పని ఒకటుంది. తమ వాడలో ఎంతమందికి కార్డులున్నాయని కాదు, గత ఏడాది జబ్బుకు జేబులోంచి ఎంత పోయింది, ఎన్ని రోజుల కూలి పోయింది అని ఇల్లిల్లూ తిరిగి రాయాలి. ఆ లెక్క చేతిలో ఉంటేనే బోర్డు ముందు మన మాటకు బరువు వస్తుంది.