జనం వద్దనుకుని కట్టిన బజారు

కోల్‌కతా నడిబొడ్డున సర్ స్టూవర్ట్ హాగ్ మార్కెట్ ఎక్కడని అడిగితే చాలామంది కాసేపు ఆలోచిస్తారు. న్యూమార్కెట్ అంటే మాత్రం ఠక్కున దారి చూపిస్తారు. రెండూ ఒకటే. దీని వయసు 150 ఏళ్లు దాటినా జనం నోట మాత్రం ఇది కొత్త మార్కెట్టే.

ఈ బజారు పుట్టుక వెనక ఉన్నది జనమంటే చిరాకు. 19వ శతాబ్దపు కలకత్తాలో ఇంగ్లిష్ దొరలకు స్థానికుల బజార్లలో, వాళ్ల మధ్య తోసుకుంటూ సరుకులు కొనడం నచ్చలేదు. తమకంటూ వేరే మార్కెట్ కావాలని పట్టుబట్టారు. ఈస్టిండియా రైల్వే కంపెనీ ఆర్కిటెక్ట్ రిచర్డ్ రోస్కెల్ బేన్ గీసిన నమూనాతో లిండ్సే స్ట్రీట్‌లో ఎర్ర ఇటుకల భవనం లేచింది. 1874 జనవరి 1న తలుపులు తెరిచారు. మార్కెట్ కోసం పట్టుబట్టి పనిచేసిన మునిసిపల్ అధికారి హాగ్ పేరును 1903లో దానికి పెట్టారు. దగ్గర్లోని ధర్మతలా బజారు యజమాని హీరాలాల్ శీల్‌తో మునిసిపాలిటీకి పోటీ తప్పలేదు. చివరికి ఆ బజారును మునిసిపాలిటీయే కొనేసింది.

అయితే దొరల కోటలోకి జనం రావడాన్ని ఎవరూ ఎక్కువ కాలం ఆపలేకపోయారు. ఇప్పుడు 2,000కు పైగా దుకాణాలున్న ఈ బజారులో పూలు, చేపలు, నగలు, తోలు సంచులు, ఎండు ఫలాలు వరసగా కనిపిస్తాయి. పోర్చుగీసుల నాటి బండేల్ చీజ్ ఇక్కడ ఇంకా దొరుకుతుంది. బాగ్దాదీ యూదు కుటుంబం 1902లో మొదలుపెట్టిన నహూమ్ బేకరీ 1916 నుంచి ఇక్కడే ఉంది. ఒకప్పుడు వేలల్లో ఉన్న కోల్‌కతా యూదులు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. కానీ క్రిస్మస్ వచ్చిందంటే ఆ బేకరీ కేకుల కోసం అన్ని మతాలవాళ్లూ బారులు తీరతారు.

1985 డిసెంబర్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో మార్కెట్లో కొంత భాగం బూడిదైంది. ఆ స్థానంలో కాంక్రీటు భవనం వచ్చింది. పాత ఎర్ర భవనం, కొత్త కాంక్రీటు పక్కపక్కనే ఉన్నాయి. బేరం మాత్రం ఆగలేదు.

ప్రస్తుత తగాదా గోడల బయట ఉంది. లిండ్సే స్ట్రీట్, బెర్‌ట్రామ్ స్ట్రీట్, హుమాయూన్ ప్లేస్‌లలో ఫుట్‌పాత్ వ్యాపారులు నిండిపోయారు. అద్దె, పన్ను కట్టే తమ ముంగిట్లోనే ఏ భారమూ లేనివాళ్లు చవగ్గా అమ్ముతున్నారని, గుమ్మాలు కనబడటం లేదని లోపలి దుకాణదారుల ఫిర్యాదు. రోడ్డు తప్ప తమకు మరో బతుకుతెరువు లేదని బయటివాళ్ల జవాబు. 1996లో వామపక్ష ప్రభుత్వం 'ఆపరేషన్ సన్‌షైన్' పేరుతో నగరమంతటా హాకర్లను తొలగించింది. వాళ్లు మళ్లీ వచ్చేశారు. 2024 జూన్‌లో మమతా బెనర్జీ ఆక్రమణలపై కన్నెర్రజేశారు. కొద్దిరోజులకే నెల గడువిచ్చి తగ్గారు.

ఆ తర్వాత ఇరుపక్షాలకూ ఒకేసారి దెబ్బ తగిలింది. 2024 ఆగస్టులో ఢాకాలో షేక్ హసీనా ప్రభుత్వం కూలిపోయాక భారత్ వీసాల జారీని బాగా తగ్గించింది. ఈ ప్రాంతపు వ్యాపారానికి బంగ్లాదేశీ కొనుగోలుదారులు పెద్ద దన్ను. వాళ్లు రావడం తగ్గడంతో పక్కనున్న మార్క్విస్ స్ట్రీట్ హోటళ్లు వెలవెలబోయాయి. లోపలి చీరల దుకాణానికీ, బయటి చెప్పుల బండికీ గిరాకీ తెచ్చేది ఒకే జనమని అప్పుడు తెలిసొచ్చింది.

చట్టం లేక ఈ సమస్య తెగడం లేదని చెప్పడానికి వీల్లేదు. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ కదిలించరాదని అది చెబుతోంది. అమ్మకూడని చోట్లు నిర్ణయించే వీలూ అందులోనే ఉంది. వ్యాపారుల ప్రతినిధులు కూడా ఉండే కమిటీ కూర్చుని గీత గీస్తే, మార్కెట్ గుమ్మాలు తెరుచుకుంటాయి, బండివాడికీ ఓ చోటు దక్కుతుంది. కానీ ఆ గీత గీస్తే కొందరి ఓట్లు, గీయకపోతే మరికొందరి ఓట్లు పోతాయి. పాలకుల తటపటాయింపు అందుకే.

హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహీ మార్కెట్ భవనానికి మరమ్మతులు చేసి 2020లో కొత్త కళ తెచ్చారు. రాళ్లు కడిగితే అందం వస్తుంది. న్యూమార్కెట్‌కూ మరమ్మతులు కావాల్సిందే. అయితే లోపలివాళ్లకూ బయటివాళ్లకూ పొత్తు కుదర్చకుండా ఎర్ర ఇటుకలకు ఎంత మెరుగు పెట్టినా, మిగిలేది చూసిపోయే కట్టడమే. జనాన్ని దూరం పెట్టడానికి కట్టిన ఈ బజారును ఇన్నేళ్లు బతికించింది ఆ జనమే.