ఆ వాన ఏ పేటపై పడుతుందో మోడల్‌కూ తెలియదు

2023 జనవరి 27న ఆక్లాండ్‌ విమానాశ్రయం దగ్గర ఒక్క రోజులో 245 మి.మీ. వర్షం కురిసింది. నగరంలో వరదలకు నలుగురు చనిపోయారు. ‘ఇంత వాన అని ముందే ఎందుకు చెప్పలేదు?’ అని మనవాళ్లంతా అడిగారు. నేనూ అడిగాను.

సాఫ్ట్‌వేర్‌ వాణ్ని కాబట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల డబ్ల్యూఆర్‌ఎఫ్‌ అనే వాతావరణ మోడల్‌ను ఇంటి కంప్యూటర్లో నడిపి చూశాను. అది నేలను గళ్లుగా విడగొట్టి లెక్క కడుతుంది. గడి పది కిలోమీటర్లుంటే ఉరుముల మేఘం అందులో విడిగా కనబడదు, ఉజ్జాయింపు లెక్కే గతి. రెండు కిలోమీటర్లకు తగ్గిస్తే క్యుములోనింబస్‌ మేఘం పైకి ఎదగడం కనిపించింది. అయితే మేఘంలోని నీటి బిందువులు, మంచు కణాల లెక్కను కాస్త మార్చగానే, మౌంట్‌ రాస్కిల్‌పై పడిన జోరువాన పాపటోయ్‌టోయ్‌ వైపు జరిగింది!

అంటే ముప్పును ముందే పసిగట్టవచ్చు కానీ, ఏ పేటకో తేల్చడం కష్టం. అందుకే వాతావరణ శాస్త్రవేత్తలు మోడల్‌ను మార్పులతో పలుమార్లు నడిపి, అవకాశాల లెక్క చూస్తారు.

కాబట్టి ఫోన్‌లో కనిపించే వాన బొమ్మ కన్నా మెట్‌సర్వీస్‌ ఆరెంజ్‌, రెడ్‌ హెచ్చరికలకే విలువ ఇవ్వండి. మన వీధిలో చినుకు లేదని, పిల్లల్ని తెచ్చేందుకు నీళ్లు నిలిచిన రోడ్డులోకి కారు దించకండి.