తేనెటీగల ఖరీదు ఎంత?



కోడిపిల్లకు ఖరీదు ఉంది. లేగదూడకు ఖరీదు ఉంది. మరి తేనెటీగలకో? ఇష్టంలేకపోతే ఎగిరిపోయే ప్రాణికి ఖరీదు ఎట్లా కడతారు? ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన నేనే ఈ లెక్కలో తప్పాను. ఆ సంగతి ఈ నెల మీకు చెబుతాను.

ఉద్యోగం విరమించిన తరువాత మైపాడు దగ్గర మా కొబ్బరితోటలో నాలుగు తేనెపెట్టెలు పెట్టుకున్నాను. మా సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులు ఎన్ని ఉన్నా ఈగలకు లాభం లేదు. సరుగుడు పూతలో తేనె ఉండదు. దాని పుప్పొడిని గాలే మోసుకుపోతుంది. కాని కొబ్బరి ఏడాది పొడుగునా పూస్తుంది. ఎండలు ముదిరేసరికి వేప, కానుగ, ఆ వెనక చింత పూస్తవి.

నేను పెంచేది మన దేశపు పుట్టతేనెటీగ. చెట్టు తొర్రల్లో, పాత పుట్టల్లో పట్టు పెట్టేది ఇదే. 1911 - 1917 మధ్య తిరుచిరాపల్లి ప్రాంతంలో న్యూటన్ అనే ఫాదరీ పల్లెజనానికి తేనెటీగల పెంపకం నేర్పుతూ, ఈ చిన్న ఈగకు తగిన పెట్టె తయారుచేశాడు. అందులో పట్లు విడివిడి చట్రాల్లో ఉంటవి. పుస్తకంలో నుంచి కాగితం తీసినట్టు ఒక్కొక్క చట్రాన్నీ పైకి తీయవచ్చు. అందుచేతనే ఒక పట్టును రెండు చేయడం సాధ్యమయింది. గుడ్లు, పిల్లపురుగులు, ఈగలు ఉన్న మూడు నాలుగు చట్రాలను వేరే చిన్నపెట్టెలో పెడితే, ఆ ఈగలు తమకు రాణి లేదని తెలుసుకుని, ఒక లేత పురుగుకు ప్రత్యేకమైన ఆహారం పెట్టి కొత్త రాణిని చేసుకుంటవి. ఈ పెట్టెను ఇంగ్లీషులో ‘న్యూక్లియస్’ అంటారు. గింజలోని పప్పు అని దాని అర్థం. మేము ‘పిల్లపెట్టె’ అంటాం.

నాలుగేళ్ల కిందట పక్క ఊరి పిల్లవాడు ఒకడు వాళ్ల నాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. “అయ్యవారూ, నాకూ ఒక పెట్టె ఇయ్యండి. మా నిమ్మచెట్ల కింద పెట్టుకుంటాను,” అన్నాడు. అది సెప్టెంబరు నెలాఖరు. వాడి ఉత్సాహం చూసి కాదనలేక, రెండు రోజుల ముందే విడదీసిన పెట్టెను 800 రూపాయలకు ఇచ్చేశాను. చవకగా ఇచ్చి మంచిపని చేశాననుకున్నాను.

కార్తీకం వెళ్లకముందే వాడు ఖాళీ పెట్టె తెచ్చాడు. పట్లనిండా మైనపు పురుగుల గూళ్లు. “నేనే సరిగా చూసుకోలేదేమో, అయ్యవారూ,” అన్నాడు వాడు, తల వంచుకుని.

తప్పు వాడిది కాదు, పిల్లలూ, నాది. రాణి పుట్టడానికి గుడ్డు నాటి నుంచి సుమారు 16 రోజులు పడుతుంది. తరువాత అది ఎగిరివెళ్లి, గాలిలో పోతుటీగలను కలిసి రావాలి. మాకు అక్టోబరు మొదలు డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనపు వానలు, తుఫానులు. పూత తక్కువ, పోతుటీగలు అరుదు, ఎగరడానికి తెరిపి ఉండదు. కూలి ఈగలు ఒక్కొక్కటే చనిపోయినవి. వాటి స్థానంలో పుట్టేవి లేవు. నేను వాడికి అమ్మింది పట్టు కాదు, ఉత్త ఆశ.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. సంక్రాంతి వెళ్లి పూత మొదలైతేనే విడదీయడం. కొత్తరాణి పిల్లలను కళ్లారా చూస్తేనే అమ్మడం. కూలి ఈగల అరల మూతలు చదునుగా ఉంటవి. పోతుటీగల మూతలు ఉబ్బెత్తుగా, నడుమ సూదితో గుచ్చినంత రంధ్రంతో ఉంటవి. అన్నీ పోతులే పుడుతుంటే ఆ పట్టుకు ఆయువు లేదన్నమాట. చచ్చిన పురుగులు ఉన్న పెట్టెను అసలే అమ్మరాదు. 1991 - 92లో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధివల్ల దక్షిణదేశంలో పుట్టతేనెటీగల పట్లు చాలాభాగం నాశనమైనవి.

ఇక ఖరీదు సంగతి. ఆ ఫిబ్రవరిలో నాలుగు పిల్లపెట్టెలు చేశాను. ఒక్కొక్కదానికి పెట్టె 500, చక్కెర పాకానికి 150, ఈగలు తగ్గినందువల్ల తల్లిపెట్టెలో పోయిన రెండు కిలోల తేనె 800. మొత్తం 1,450. నాలుగింటికి 5,800. అందులో ఒక రాణి ఎగిరివెళ్లి తిరిగి రాలేదు. ఏ పసిరికపిట్ట నోట పడిందో! ఆ ఈగలను తల్లిపెట్టెలో కలిపేశాను. ఖాళీ పెట్టె విలువ 500 తీసివేస్తే 5,300. దాన్ని మిగిలిన మూడింటికి పంచితే ఒక్కొక్కటి సుమారు 1,767. నా శ్రమకు 233 చేర్చి 2,000 అన్నాను. బతికిన పెట్టె, పోయిన పెట్టె ఖర్చును కూడా మోయాలి. ఇదే నేను మరచిన మెట్టు.

మొదటి పెట్టెను ఆ పిల్లవాడికే, పాత 800 కింద ఇచ్చాను. వాడి ఎదుటే తెరిచి రాణిని, గుడ్లను చూపించి, పొద్దుగూకి ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారం మూసి పంపాను. వాళ్ల నాయన, “చవకగా ఇచ్చినప్పుడే మాకు ఖరీదెక్కువ పడింది, అయ్యవారూ,” అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పోయిన నెల వాడే వచ్చి, “నా పెట్టెను రెండు చేశాను. ఎంతకు అమ్మమంటారు?” అని అడిగాడు.

“ఖరీదు నేను చెప్పను, అబ్బయా. ఇదిగో నా లెక్కల పుస్తకం,” అన్నాను.

పెద్దలు పక్కన లేకుండా మీరెవరూ తేనెపెట్టె తెరవకండి. కాని ఈ లెక్క మాత్రం చేయండి: నాలుగింటిలో రెండు పెట్టెలకు రాణులు రాకపోతే, మిగిలినవి ఒక్కొక్కటి ఎంతకు అమ్మాలి? జవాబు వచ్చే నెల.