ముల్జిమ్ ఒకడు, తహఖీఖాత్ ఇంకొకడి మీద

మొన్న రాత్రి భాంజా ఫోన్ చేశాడు. లినక్స్ కెర్నెల్ మీద పని వాడిది. కెర్నెల్ అంటే మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్‌లో మిగతా ప్రోగ్రాంలన్నిటి మీదా హుకుం నడిపేది.

"మామూజాన్, ఒక గల్తీ వెతుకుతున్నా. ఆ ఫైల్‌కి ఆప్టిమైజేషన్ బంద్ చేసి చూడమన్నారు పెద్ద సాబ్. చేస్తే గల్తీ గాయబ్! అసలు బగ్గే లేదన్నారు. వారం బర్బాద్ చేశావని నా మీదే ఇల్జాం."

నాది ఉర్దూ మీడియం, ఆపైన తెలుగు డిగ్రీ. వాడితో మూడు రాత్రులు మాట్లాడితే గానీ ఈ మామ్లా తలకెక్కలేదు. ఎక్కాక గుస్సా వచ్చింది.

మనిషి రాసిన కోడ్‌ని కంపైలర్ మెషీన్ భాషలోకి తర్జుమా చేస్తుంది. ఓ2 సెట్టింగ్ పెడితే ఫిజూల్ అనుకున్నవి కొట్టేస్తుంది, వరుస మారుస్తుంది. డీబగ్గర్‌లో వేరియబుల్ విలువ అడిగితే "ఆప్టిమైజ్డ్ ఔట్" అని జవాబొస్తుంది. చికాకే, ఒప్పుకుంటా. అందుకని ఓ0, అంటే ఆప్టిమైజేషన్ బంద్ పెట్టుకుంటారు. మొత్తం లినక్స్ కెర్నెల్ అయితే ఓ0లో కంపైలే కాదు. పనికిరాని కోడ్‌ని కంపైలర్ తీసేస్తుందన్న భరోసాతోనే అందులో కొన్ని చోట్ల రాశారు.

2009 నాటి వాఖియా వినండి. లినక్స్‌లో టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్. అందులో ఒక పాయింటర్‌ని ముందు వాడేసి, ఆ తర్వాత అది నల్లా కాదా అని చూశారు. ముందే వాడారంటే నల్ అయ్యుండదు కదా అని జీసీసీ కంపైలర్ ఆ పరీక్షనే కొట్టేసింది. దర్వాజా దగ్గర చౌకీదార్ లేడు! జీరో అడ్రస్ దగ్గర తన మెమరీ పెట్టగలిగిన మామూలు యూజర్‌కి కెర్నెల్ మీద కబ్జా దొరికే రాస్తా అది. సోర్స్‌లో పరీక్ష కళ్ళ ముందే ఉంది. ఓ0లో కంపైల్ చేసినా ఉంటుంది. జనం వాడే ఓ2లోనే లేదు. పూఛ్‌తాఛ్ మాత్రం ఓ0కి చేస్తారా?

కంపైలర్‌ని బద్మాష్ అనడమూ ఆసాన్. వరుస తప్పింది మనిషే. ఆ వరుస సరిచేశారు, ఇలాంటి పరీక్షలు తీసేయొద్దని చెప్పే ఫ్లాగ్‌నీ కెర్నెల్‌కి చేర్చారు.

ఓ0లోనూ కనబడే బగ్గుంటే ఓ0లోనే పట్టండి, నాకేం అభ్యంతరం లేదు. గాయబ్ అయిందా, అది సబూత్. టైమింగ్‌లోనో, భాష నియమం తప్పిన చోటో గల్తీ దాక్కుని ఉందన్నమాట. బరీ చేసే తీర్పు కాదది. ఓ2 అలాగే ఉంచి జీ ఫ్లాగ్‌తో డీబగ్ సమాచారం చేర్చుకోవచ్చు. శక్ ఉన్న చోట అసెంబ్లీ చదవాలి. మెహనత్ ఉంది మరి.

నిన్న భాంజా రెండు అసెంబ్లీ ఫైళ్ళూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పెద్ద సాబ్‌కి ఏం చెప్తావురా అన్నాను.

"రెండూ ప్రింట్ తీసి టేబుల్ మీద పెడతా, మామూ."